‘ద డెవిల్ ఇన్ ద వైట్ సిటీ’ని సగంలో వదిలేయకుండా చదవడం ఎలా

1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ఎగ్జిబిషన్ మీద ఎరిక్ లార్సన్ రాసిన పుస్తకం ఇది, 2003లో వచ్చింది. మనలో చాలామంది దీన్ని హెచ్.హెచ్.హోమ్స్ అనే హంతకుడి గురించి ఎక్కడో విని, క్రైమ్ థ్రిల్లర్ అనుకుని కొంటారు. నేనూ అలాగే కొన్నాను. తీరా తెరిస్తే ఆర్కిటెక్టులు, కమిటీలు, పునాదులు, బురద, ఉత్తరాలు. హంతకుడు ఒక చాప్టర్లో కనిపించి వెళ్లిపోతాడు, మళ్లీ పేజీలకు పేజీలు మీటింగులు. మొదటిసారి నేను అక్కడే ఆపేశాను. రెండేళ్ల తర్వాత మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టినప్పుడు తెలిసింది, నేను విసుగుపడి పక్కన పెట్టిన ఆ కట్టడాల కథే పుస్తకానికి ప్రాణమని, హంతకుడి కథలో నిజమెంతో అల్లినదెంతో కాస్త జాగ్రత్తగా చూసుకోవాలని. ఈ రెండూ ముందే తెలిసి ఉంటే మొదటిసారే పూర్తి చేసేవాణ్ణి. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటి పేజీ తెరిచే ముందు ఒక అరగంట బొమ్మలకు కేటాయించండి. పుస్తకంలో ఫొటోలు తక్కువ. ఆ ఎగ్జిబిషన్‌ను ఆ రోజుల్లోనే వందల కొద్దీ ఫొటోలు తీశారు, అవన్నీ ఇప్పుడు నెట్‌లో దొరుకుతాయి. ‘వరల్డ్స్ కొలంబియన్ ఎక్స్‌పొజిషన్’ అని వెతికి, ముందు మ్యాప్ ఒకటి పట్టుకోండి. అందులో మూడు చోట్లు గుర్తుపెట్టుకుంటే చాలు. మిషిగన్ సరస్సు ఒడ్డున జాక్సన్ పార్క్, దాని దక్షిణ భాగంలో పెద్ద నీటి కొలను చుట్టూ తెల్లటి మహాభవనాలు నిలబడ్డ ‘కోర్ట్ ఆఫ్ ఆనర్’, పడమటి వైపు పొడుగ్గా సాగిన ‘మిడ్‌వే ప్లైజాన్స్’. గంభీరమైనవన్నీ కోర్ట్ ఆఫ్ ఆనర్‌లో, వినోదమంతా మిడ్‌వేలో. కైరో వీధి, అల్జీరియా గ్రామం, ఫెర్రిస్ చక్రం అనే పెద్ద జెయింట్ వీల్ అన్నీ మిడ్‌వేలోనివే. ఈ మ్యాప్ ప్రింటు తీసి పుస్తకంలో పెట్టుకోండి, ఎవరు ఎక్కడ నడుస్తున్నారో వెంటనే కళ్లకు కడుతుంది.

తేదీల్లో కూడా కొన్నే ముఖ్యం. కొలంబస్ సముద్రయానానికి 400 ఏళ్లు నిండిన సందర్భంగా ఈ సంబరం అనుకున్నారు, అంటే 1892లో జరగాలి. న్యూయార్క్, వాషింగ్టన్, సెయింట్ లూయిస్ పోటీపడితే అమెరికా కాంగ్రెస్ 1890 ఫిబ్రవరిలో షికాగోకు ఓటేసింది. 1892 అక్టోబర్లో ప్రారంభ పూజలాంటిది ఒకటి చేసేశారు కానీ పనులు పూర్తి కాలేదు, జనానికి గేట్లు తెరిచింది 1893 మే 1న. మూసింది అక్టోబర్ 30న. అంటే ఆరు నెలలు నిలబడే నగరాన్ని కట్టడానికి వాళ్ల చేతిలో ఉన్నది మూడేళ్లు. అందులోనూ స్థలం ఎక్కడో తేల్చుకోవడానికే నెలలు పోయాయి. పుస్తకం మొదటి సగంలో కనిపించే టెన్షన్ అంతా ఇదే. ప్రతి చాప్టర్ మొదట్లో ‘ఇప్పుడు ఏ నెల, ఇంకా ఎన్ని నెలలుంది’ అని పెన్సిల్‌తో అంచున రాసుకోండి. నాకు విసుగు పోయింది ఈ ఒక్క అలవాటుతోనే. కమిటీ మీటింగ్ అనిపించింది కాస్తా పరుగు పందెంలా మారిపోతుంది.

ఇంత పంతం ఎందుకో తెలియాలంటే పారిస్ గుర్తుండాలి. 1889లో పారిస్ ఎగ్జిబిషన్‌లో ఐఫిల్ టవర్ లేచింది, ప్రపంచమంతా నోరు తెరుచుకుని చూసింది, అమెరికా పరువు పోయినట్టు అక్కడి ఇంజనీర్లు బాధపడ్డారు. షికాగోకు ఇంకో బాధ కూడా ఉంది. 1871లో ఊరు కాలి బూడిదై మళ్లీ లేచింది. జనాభా పది లక్షలు దాటినా తూర్పు నగరాల వాళ్ల దృష్టిలో అది పశువుల్ని కోసే ఊరు, పొగ, దుర్వాసన. ‘మేమూ అందమైనది కట్టగలం’ అని చూపించాలన్న ఆ కసి ప్రతి పేజీలో ఉంటుంది. అది పట్టుకోండి, మిగతాది దానంతట అదే వస్తుంది.

మనుషుల పేర్ల దగ్గర చాలామంది తప్పిపోతారు. అందర్నీ గుర్తుపెట్టుకోవాలని చూడకండి. ఎగ్జిబిషన్ కట్టడాల బాధ్యత మోసిన డేనియల్ బర్న్‌హామ్, జాన్ రూట్, తోటలూ నీటి కొలనులూ తీర్చిన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, చక్రం కట్టిన ఇంజనీరు జార్జ్ ఫెర్రిస్, షికాగో మేయర్ కార్టర్ హారిసన్, ఫ్రాన్సిస్ మిల్లెట్ అనే చిత్రకారుడు, ఇంకోవైపు హోమ్స్, చివర్లో అతని జాడ తీసిన డిటెక్టివ్ ఫ్రాంక్ గేయర్. ఈ ఎనిమిది మందిని పట్టుకుంటే చాలు. బర్న్‌హామ్, రూట్ ఇద్దరూ ఆర్కిటెక్టులు, ఒకే సంస్థలో భాగస్వాములు. ఒకరు పని నడిపించే మనిషి, ఒకరు గీసే మనిషి. షికాగో నేల మెత్తటి బంకమట్టి, ఎత్తైన భవనాలు అందులో కుంగిపోతాయి. కాంక్రీటులో ఉక్కు పట్టాలు అడ్డదిడ్డంగా పరిచి, దాని మీద భవనాన్ని తెప్పలా నిలబెట్టే పునాదిని వాడుకలోకి తెచ్చింది రూటే. ఈ పునాది సంగతి వచ్చే పేజీలు మాత్రం దాటేయకండి, ఇంజనీరింగ్ చదివినా చదవకపోయినా. అలాంటి రూట్ 1891 జనవరిలో న్యుమోనియాతో పోతాడు. పనులు సరిగ్గా మొదలు కాకముందే బర్న్‌హామ్ ఒంటరివాడైపోతాడు. అక్కడ పుస్తకం మూసి కాసేపు అలా కూర్చోవాలనిపిస్తుంది. కూర్చోండి, తొందరేం లేదు.

ఇంకో చిక్కు, ఎగ్జిబిషన్ మీద పెత్తనం ఒకరిది కాదు. షికాగో పెద్దమనుషుల కంపెనీ ఒకటి, కాంగ్రెస్ పెట్టిన జాతీయ కమిషన్ ఒకటి. రెండింటికీ అధికారులున్నారు, రెండింటికీ మాట నెగ్గించుకోవాలన్న పట్టుదల ఉంది. ఒకే రోడ్డు మీద రెండు శాఖలు పెత్తనం చేస్తే ఏమవుతుందో మనకు వేరే చెప్పక్కర్లేదు. ఎవరి మనిషి ఎవరో అర్థం కాకపోతే ‘ఇతను కంపెనీ వైపా, కమిషన్ వైపా’ అని ఒక్క ప్రశ్న వేసుకోండి.

ఇంగ్లిష్ సంగతి. వాక్యాలు కష్టమైనవి కావు, కానీ కొన్ని మాటలు మోసం చేస్తాయి. ‘స్టాఫ్’ అన్న మాట చూసి సిబ్బంది అనుకుని నేను రెండు మూడు పేరాలు అయోమయంగా చదివాను. చాలాచోట్ల అది సిబ్బంది కాదు, ప్లాస్టర్‌లో జనపనార లాంటి పీచు కలిపి చేసిన మిశ్రమం. ఆ తెల్లటి మహాభవనాలు పాలరాయి కాదు. లోపల ఉక్కు, కలప చట్రం, పైన ఈ స్టాఫ్ పూత, దాని మీద తెల్ల రంగు. రంగు వేయడానికి బ్రష్షులతో అయ్యే పని కాక, మిల్లెట్ మనుషులు గొట్టంతో రంగును చిమ్మారు. ఇది తెలిశాక ఆ నగరం మొత్తం ఒక సినిమా సెట్ అని అర్థమవుతుంది, ఆరు నెలల కోసం వేసిన సెట్. ఇక ‘ఫెయిర్’, ‘ఎక్స్‌పొజిషన్’ రెండూ ఒకటే. ‘వైట్ సిటీ’ అంటే ఎగ్జిబిషన్, ‘బ్లాక్ సిటీ’ అంటే బయట ఉన్న అసలు షికాగో, బొగ్గు పొగ పట్టినది. మొదటి భాగం పేరు ‘ఫ్రోజెన్ మ్యూజిక్’, అంటే గడ్డకట్టిన సంగీతం. ఆర్కిటెక్చర్‌ను అలా పిలవడం యూరప్‌లో పాత మాట. ప్రతి మాటకూ డిక్షనరీ తీస్తే మాత్రం పదిరోజుల్లో విసుగొస్తుంది, వద్దు.

కొలతలు వచ్చినప్పుడల్లా ఆగి మనకు తెలిసిన లెక్కలోకి మార్చుకోండి, అప్పుడే దిమ్మ తిరుగుతుంది. మాన్యుఫాక్చర్స్ అండ్ లిబరల్ ఆర్ట్స్ భవనం 1,687 అడుగుల పొడవు, 787 అడుగుల వెడల్పు. అడుగుల్లో చదివితే ఏమీ అనిపించదు. లెక్క వేస్తే 30 ఎకరాలు దాటుతుంది. ముప్పై ఎకరాల పొలం మొత్తాన్ని ఒకే కప్పు కిందకి తెచ్చారని ఊహించుకోండి. ఫెర్రిస్ చక్రం ఎత్తు 264 అడుగులు, 36 పెట్టెలు, ఒక్కో పెట్టెలో 60 మంది, అంటే ఒకేసారి 2,160 మంది గాల్లో. మన తీర్థాల్లో, తిరునాళ్లలో జెయింట్ వీల్ ఎక్కని వాళ్లుండరు కదా, వాటన్నిటికీ తాత ఇది. ఇంగ్లిష్‌లో ఇప్పటికీ వాటిని ఫెర్రిస్ వీల్ అనే పిలుస్తారు. చక్రం సిద్ధమయ్యేసరికి ఎగ్జిబిషన్ తెరిచి ఏడు వారాలు దాటిపోయింది, జూన్ 21న తిరగడం మొదలైంది. లోపలికి రావడానికి 50 సెంట్లు, చక్రం ఎక్కడానికి మళ్లీ 50 సెంట్లు, అయినా 14 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడుపోయాయి. ఆ ఫెర్రిస్ 1896లో టైఫాయిడ్‌తో పోయాడు, 37 ఏళ్లకే. చక్రాన్ని 1906లో సెయింట్ లూయిస్‌లో డైనమైట్ పెట్టి పేల్చేశారు. ఇవి చదివిన రోజు నాకు చాలాసేపు మనసు బాగోలేదు.

ఇప్పుడు హంతకుడి దగ్గరకు వద్దాం. ఇక్కడ మాత్రం కళ్లు తెరుచుకుని చదవాలి.

లార్సన్ మొదట్లోనే చెప్పేస్తాడు, కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నవన్నీ ఉత్తరాలు, జ్ఞాపకాలు లాంటి రాతపూర్వకమైన వాటి నుంచే తీసుకున్నానని. అది మంచి సంగతే. కానీ హోమ్స్ మనుషుల్ని చంపే సన్నివేశాలు ఎవరూ చూసినవి కావు కదా. వాటిని తాను దొరికిన ఆధారాల మీద తిరిగి కట్టానని పుస్తకం చివర నోట్స్‌లో ఆయనే ఒప్పుకుంటాడు. కథ మధ్యలో నోట్ నంబర్లు కనిపించవు కాబట్టి నవలలా చదువుతూ వెళ్లిపోతాం, ఈ ఒప్పుకోలు చాలామంది కంట పడదు. అందుకని నా పద్ధతి చెప్తాను. రెండు బుక్‌మార్కులు పెట్టుకోండి, ఒకటి చదువుతున్న చోట, ఒకటి వెనక నోట్స్‌లో. హోమ్స్ చాప్టర్ ఒకటి అయిన ప్రతిసారీ నోట్స్ తిప్పి చూడండి. ‘అతను ఇలా అనుకున్నాడు’, ‘ఆమెకు ఇలాంటి వాసన వచ్చింది’ లాంటి వాక్యం తగిలితే, ఇది ఎవరు చూశారు, ఎవరు చెప్పారు అని అడగండి. జవాబు లేకపోతే అంచున ప్రశ్న గుర్తు పెట్టండి. పుస్తకాన్ని తప్పు పట్టడానికి కాదు ఇది. ఏది రికార్డు, ఏది రచయిత అల్లిక అని విడదీసుకుంటే, రెండింటినీ వాటి వాటి లెక్కలో ఆనందించవచ్చు.

హోమ్స్ అసలు పేరు హెర్మన్ మడ్జెట్. షికాగోలోని ఎంగిల్‌వుడ్‌లో మందుల షాపు నడిపి, ఎదురుగా పెద్ద భవనం కట్టాడు. ఎగ్జిబిషన్‌కు వచ్చిన జనాన్ని అక్కడ హోటల్లో దింపి వందల మందిని చంపాడని, 200 మంది అని కూడా, ఇప్పటికీ వీడియోల్లో చెప్తుంటారు. నమ్మకండి. 1895లో పత్రికలు ఆ భవనం గురించి పోటీలు పడి రాశాయి, తర్వాత వచ్చినవాళ్లు దానికి ఇంకా కలిపారు. హోమ్స్ 27 హత్యలు చేశానని ఒప్పుకోలు రాసి పత్రికకు డబ్బుకు అమ్ముకున్నాడు. అందులో కొందరు అప్పటికి బతికే ఉన్నారు! ఆధారాలతో అతనికి ముడిపెట్టగలిగినవాళ్లు సుమారు తొమ్మిది మంది. వాళ్లు దారిన పోయే సందర్శకులు కారు. అతని దగ్గర పనిచేసిన ఆడవాళ్లు, పెళ్లి ఆశ చూపించిన మనిషి, ఆమె చెల్లెలు, భాగస్వామి పైట్‌జెల్, పైట్‌జెల్ ముగ్గురు పిల్లలు. అంటే అతన్ని నమ్మినవాళ్లు. నన్ను అడుగడుగునా ఉచ్చులున్న భూతాల కోట కథ కన్నా ఈ నిజమే ఎక్కువ భయపెట్టింది. గేయర్ ఆ పిల్లల జాడ కోసం ఊరూరా తిరిగే చాప్టర్లు చివర్లో వస్తాయి. అక్కడ ఆధారాలు గట్టిగా ఉన్నాయి, నిదానంగా చదవండి. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు రాత్రిపూట మాత్రం వద్దు. హోమ్స్‌ను 1896 మే 7న ఫిలడెల్ఫియాలో ఉరితీశారు, అదీ పైట్‌జెల్ హత్య ఒక్కదానికే.

పుస్తకం దృష్టి అంతా ఇద్దరు మగవాళ్ల మీద, బర్న్‌హామ్, హోమ్స్. అందుకని కొన్ని సంగతులు పక్కన పెట్టుకుని చదివితే బొమ్మ పూర్తవుతుంది. ఎగ్జిబిషన్‌లో విమెన్స్ బిల్డింగ్ అనే మహిళల భవనాన్ని గీసిన సోఫియా హేడెన్‌కు అప్పటికి ఇరవై రెండేళ్లే, ఆమె గురించి విడిగా చదవండి. నల్లజాతి వాళ్లను ఎగ్జిబిషన్ నిర్వహణలో చోటివ్వకుండా దూరం పెట్టినందుకు నల్లజాతి హక్కుల కోసం పోరాడిన ఇడా బి. వెల్స్, ఫ్రెడరిక్ డగ్లస్ కలిసి ఒక కరపత్రం తెచ్చి అక్కడికి వచ్చినవాళ్లకు పంచారు. డగ్లస్ అప్పుడు హైతీ దేశం పెవిలియన్‌కు ప్రతినిధిగా ఉన్నాడు. వైట్ సిటీ అన్న పేరులోని తెలుపు గురించి ఆలోచించాలంటే ఆ కరపత్రం చదవాలి, అదీ నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అలాగే ఎగ్జిబిషన్ తెరిచిన నెలలోనే అమెరికాలో ఆర్థిక సంక్షోభం మొదలైంది, బ్యాంకులు మూతపడ్డాయి. గేటు లోపల లక్ష దీపాల వెలుగు, గేటు బయట పని లేని జనం. ఆ వెలుగు కోసం కరెంటు కాంట్రాక్టు దక్కించుకున్నది వెస్టింగ్‌హౌస్, టెస్లా పేరుతో మనకు తెలిసిన ఏసీ కరెంటుతో.

మన వాళ్లకు షికాగో 1893 అనగానే గుర్తొచ్చేది వివేకానందుడు. సర్వమత సభ జరిగింది ఈ ఎగ్జిబిషన్‌తో అనుబంధంగానే, కానీ జాక్సన్ పార్క్‌లో కాదు. అక్కడికి ఎన్నో మైళ్లు ఉత్తరాన, ఊరి నడిబొడ్డున, ఇప్పుడు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఉన్న భవనంలో. సెప్టెంబర్ 11న మొదలై 27 దాకా నడిచింది. చదివేటప్పుడు సమాంతరంగా స్వామి తేదీలు కూడా అంచున రాసుకోండి. 1893 ఫిబ్రవరి 13న ఆయన సికింద్రాబాద్ మెహబూబ్ కాలేజీలో పశ్చిమ దేశాలకు తాను వెళ్లడంలోని ఉద్దేశం గురించి మాట్లాడారు. అదే ఫిబ్రవరిలో షికాగో చలిలో బర్న్‌హామ్ మనుషులు మే నెల గడువు కోసం రాత్రింబగళ్లు పనిచేస్తున్నారు. మే 31న స్వామి బొంబాయిలో ఓడ ఎక్కేసరికి ఎగ్జిబిషన్ తెరిచి నెల అయింది, ఫెర్రిస్ చక్రం ఇంకా తిరగలేదు. జులై చివర్లో షికాగో చేరి పన్నెండు రోజుల పాటు ఎగ్జిబిషన్ చూశారు, ఖర్చులు భరించలేక బోస్టన్ వైపు వెళ్లి సభ సమయానికి తిరిగొచ్చారు. జులై, ఆగస్టు చాప్టర్లు చదువుతుంటే ఆ జనం మధ్య తలపాగా పెట్టుకున్న ముప్పై ఏళ్ల యువకుడు, జేబులో డబ్బు కరిగిపోతూ, ఆ దీపాలు చూస్తూ నడుస్తున్నాడని తలుచుకోండి. పుస్తకం చెప్పే కథ అది కాదు, కానీ మనం చదివేటప్పుడు ఆయన్ను వదిలిపెట్టి చదవడం నా వల్ల కాలేదు.

అక్టోబర్ చాప్టర్లకు వచ్చేసరికి ఒక సాయంత్రం ఖాళీ పెట్టుకుని ఒక్క ఊపున చదవండి. అక్టోబర్ 9న, పాత అగ్నిప్రమాదం గుర్తుగా ‘షికాగో డే’ జరిపితే ఒక్కరోజులో ఏడు లక్షల మందికి పైగా వచ్చారు. పారిస్ రికార్డు నాలుగు లక్షల లోపే. సరిగ్గా మూడు వారాలు కూడా గడవకుండా, ముగింపు ఉత్సవానికి రెండు రోజుల ముందు, అక్టోబర్ 28న మేయర్ హారిసన్‌ను ఆయన ఇంట్లోనే ప్రెండర్‌గాస్ట్ అనేవాడు కాల్చి చంపాడు. బాణసంచా లేదు, సంబరం లేదు. తర్వాతి ఏడాది జులైలో కోర్ట్ ఆఫ్ ఆనర్ భవనాలు మంటల్లో పోయాయి.

షికాగో చుట్టుపక్కల నేపర్‌విల్, అరోరా, షాంబర్గ్‌లలో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, మీ వాళ్లెవరైనా అక్కడుంటే, వెళ్లినప్పుడు ఒక పూట జాక్సన్ పార్క్‌కు పెట్టుకోండి. మా బావగారు ‘అక్కడేముంది చూడ్డానికి, పార్కే కదా’ అంటూనే తీసుకెళ్లారు. అప్పటి ప్యాలెస్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ భవనమే ఇప్పుడు సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియం. లోపల పెట్టే బొమ్మలు ఖరీదైనవని దాన్ని ఇటుకతో కట్టారు, అందుకే మిగిలింది. తర్వాత పైపూత తీసేసి రాయితో కట్టుకున్నారు. అందరూ మ్యూజియం ముందు గేటు నుంచి లోపలికి వెళ్లి అటే వచ్చేస్తారు, మీరు వెనక్కి, దక్షిణం వైపు నీటి ఒడ్డుకు నడవండి. 1893లో అసలు ముఖం అటే. అక్కణ్ణుంచి వుడెడ్ ఐలాండ్ అనే చెట్ల దీవిలోకి వెళ్తే ఓమ్‌స్టెడ్ ఊహించిన ప్రశాంతత కొంచెం ఇంకా ఉంది. దక్షిణాన బంగారు రంగు ‘రిపబ్లిక్’ విగ్రహం, 1918లో పెట్టిన 24 అడుగుల నకలు. అసలుది 65 అడుగులు. అక్కడే నిలబడి ప్రింటు తీసిన మ్యాప్ చూస్తూ మా బావగారికి ఒక్కో భవనం చోటు చూపించాను, ఆయన పుస్తకం అడిగి పట్టుకెళ్లారు.

చివరి పేజీ అయిపోగానే పుస్తకం అరలో పెట్టేయకండి. మొదటికి వెళ్లి ప్రోలాగ్ మళ్లీ చదవండి. 1912 ఏప్రిల్‌లో ఒలింపిక్ అనే ఓడలో ముసలితనంలో ఉన్న బర్న్‌హామ్, ఎదురు దిశలో వస్తున్న ఇంకో ఓడలోని మిత్రుడికి వైర్‌లెస్ సందేశం పంపాలని చూస్తుంటాడు. మొదటిసారి చదివినప్పుడు ఆ మిత్రుడు మనకు ఒక పేరు మాత్రమే. ఆ ఓడ టైటానిక్, ఆ మిత్రుడు ఫ్రాన్సిస్ మిల్లెట్, ఆ నగరానికి తెల్ల రంగు వేయించిన మనిషి.